కోనసీమ ఊళ్లను పెంచినవి రేవులా, కాలువలా, గుళ్లా?

ఏటిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మాది గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక గ్రామం. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. మా ఊరి చరిత్రను నాలుగు పేజీలైనా రాసిపెడదామని కూర్చుంటే ఒక సందేహం పట్టుకుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల నడుమ పరుచుకున్న ఈ నేలలో ఊళ్లు వందల్లో ఉన్నాయి గాని, పట్టణమని చెప్పదగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమలాపురం, రావులపాలెం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, అంబాజీపేట... ఇవే ఎందుకు పెరిగాయి, వీటి పక్కనే అంతే సారవంతమైన నేల ఉన్న ఊళ్లు ఎందుకు పెరగలేదు?

నాకు తోచిన సమాధానం చెబుతాను, తప్పయితే దిద్దండి. నీరు ఒండ్రు వదిలిన చోట పల్లె వెలిసింది. నీరు మనిషిని ఆపిన చోట బజారు వెలిసింది. ఏరు దాటవలసినవాడు పడవ కోసం ఆగాలి, ఆగినవాడికి తిండి, నీడ, ఎడ్లకు గడ్డి కావాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా చూడకుండా బాటసారులకు అన్నం పెట్టారని మనమందరం చెప్పుకుంటాం. ఆమె దాతృత్వాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. అయితే అంతమంది బాటసారులు ఆ గడపకే ఎందుకు చేరారన్నది కూడా అడగాలి కదా. వసిష్ఠ నుంచి వైనతేయ చీలే చోట, చీకటి పడి పడవ కట్టేస్తే, అవతలి ఒడ్డున దీపాలు కనబడుతున్నా మనిషి ఇవతలే ఉండిపోవాలి. ఆ రాత్రి ఆకలి నుంచే ఆమె కీర్తి పుట్టిందని నా నమ్మకం.

శాసనప్రియ

ఏటిగట్టు గారూ, ప్రశ్న బాగుంది గాని మీరు పంతొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి వెయ్యేళ్లు వదిలేశారు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, పలివెలలో కొప్పేశ్వరుడు, ఐనవిల్లిలో సిద్ధివినాయకుడు, గౌతమికి ఆవల ద్రాక్షారామ భీమేశ్వరుడు. ఈ క్షేత్రాలు మీ రేవు బజార్ల కంటే ముందునుంచీ జనాన్ని రప్పించినవే.

ద్రాక్షారామం గుడిలో వందల కొద్దీ శాసనాలున్నాయి. వాటిలో తరచుగా కనిపించే దానం అఖండ దీపం. ఫలానావాడు ఒక దీపానికి ఇన్ని గొర్రెలనో ఆవులనో ఇచ్చాడని, వాటిని ఫలానా బోయడు మేపి రోజూ ఇంత నెయ్యి గుడికి పోయాలని అందులో ఉంటుంది. చదవడానికి భక్తి విషయమే గాని, కాస్త ఆగి చూస్తే అది ఒక ఊరి జమాఖర్చు. దీపానికి నెయ్యి, నెయ్యికి మంద, మందకు కాపరి, కాపరికి బీడు. ఇలా ఒక్క వత్తి చుట్టూ ఎన్ని కుటుంబాలు బతికాయో ఊహించండి. తూర్పు చాళుక్యుల కాలం నుంచి వెలనాటి చోళుల వరకు ఎవరు రాజైనా ఈ లెక్క ఆగలేదు.

ఒక చిన్న సవరణ కూడా. ద్రాక్షారామాన్ని కోనసీమ అనడం పాతవాళ్లకు మింగుడుపడదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు రామచంద్రపురం, మండపేట వైపు ఊళ్లను కూడా అందులో చేర్చారు. జిల్లా వేరు, సీమ వేరు. మన చర్చలో ఈ తేడా గుర్తుంచుకుంటే మంచిది.

లస్కరు గారి అబ్బాయి

పెద్దలిద్దరికీ నమస్కారమండీ. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో కాలువలు చూసుకునే లస్కరుగా పనిచేశారు, నా చిన్నతనం లాకుల (కాలువ మట్టం మారే చోట పడవలను ఎక్కించి దించే తలుపుల) పక్క క్వార్టర్సులో గడిచింది. అందుచేత నా పక్షపాతం కాలువల వైపే ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను.

ఏటిగట్టు గారి వాదానికి మొదటి అడ్డంకి అమలాపురమే. కోనసీమలో అన్నిటికంటే పెద్ద పట్టణం ఏ పాయ ఒడ్డునా లేదు. వైనతేయ చూడాలంటే పడమరకు బోడసకుర్రు దాకా పోవాలి, గౌతమి చూడాలంటే తూర్పుకు అంతకంటే ఎక్కువ దూరం పోవాలి. అమలాపురం గుండా పోయేది ఏరు కాదు, కాలువ.

ఆనకట్టకు ముందు ఈ సీమ ఎలా ఉండేదో ఒక్క లెక్క చాలు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నడుమ 1833 కరువు, 1839 తుపాను వచ్చాయి. పక్కనే గోదావరి పారుతుండగా జనం ఆకలితో చచ్చారు, ఊళ్లు విడిచి పోయారు. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట పూర్తి చేశాడు. పక్కన వీణెం వీరన్న ఉండి కూలీలను కూడగట్టకపోతే ఆ పని అంత త్వరగా అయ్యేది కాదు. మధ్య డెల్టాకు నీళ్లు బొబ్బర్లంక దగ్గర తలుపుల నుంచి దిగుతాయి, లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలతాయి. గన్నవరం దగ్గర కాలువను వైనతేయ మీదుగా 49 కమానుల అక్విడక్టు మీద దాటించి రాజోలు దీవికి నీళ్లిచ్చారు. కింద ఏరు, పైన కాలువ, దాని పక్కన మనుషులు నడిచే దారి. పాతది శిథిలమయ్యాక 2000 ప్రాంతంలో పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు.

మనిషిని నీరు ఆపిన చోట బజారు వెలుస్తుందన్న మాట నిజమే గాని, ఆపింది ఏరొక్కటే కాదు. లాకు కూడా ఆపేది. ధాన్యం పడవ దిగువ నుంచి వస్తే వెనక తలుపులు మూసేవారు, పై తలుపులోని చిన్న షట్టరు ఎత్తేవారు, నీళ్లు సుడులు తిరుగుతూ లోపలికి దూకేవి, పడవ అంగుళం అంగుళం లేచేది. లోపలి మట్టం పై మట్టానికి సమమయ్యేదాకా నలుగురు మనుషులు కలిసి తోసినా ఆ పెద్ద తలుపు కదిలేది కాదు. సమమైతే ఒక్కడు తోసినా తెరుచుకునేది. ఆ వ్యవధిలో పడవవాళ్లు గట్టెక్కి టీ తాగేవారు, చుట్ట కాల్చుకునేవారు, ధరలు మాట్లాడుకునేవారు. మా లాకు దగ్గర మొదట ఒక్క పాకే ఉండేదట. నేను పుట్టేనాటికి అది వీధి.

కోటిపల్లి పంటు

రేవు ఉంటే పట్టణం వస్తుందన్న సూత్రానికి మా కోటిపల్లే అపవాదం. ఆవల ముక్తేశ్వరం, ఈవల కోటిపల్లి, నడుమ గౌతమి. సోమేశ్వరస్వామి గుడి ఉంది, రేవు ఉంది, ఆపైన రైలు కూడా వచ్చింది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము అవసరమై 1940లో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. మళ్లీ పట్టాలు పడి బండి కూత వినడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. గుడి, రేవు, రైలు మూడూ ఉన్నా కోటిపల్లి ఊరుగానే మిగిలింది. తాలూకా కచేరీ, కోర్టు, కళాశాలలు రామచంద్రపురం పోయాయి.

రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన పంటు మీద మోటారు సైకిళ్లు, పాలక్యాన్లు, పెళ్లివారి కార్లు కలిసి ఏరు దాటడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎక్కినవాళ్లందరూ ఏరు దాటగానే దిగి వెళ్లిపోతారు. ఆగేవాడు తక్కువ. ఎక్కే తొందర తప్ప ఉండే తీరిక లేని చోట బజారు పెరగదు.

ఏటిగట్టు

లస్కరు గారి అబ్బాయి గారికి, కోటిపల్లి మిత్రునికి కృతజ్ఞతలు. అమలాపురం విషయంలో నా వాదం నిలవదు, ఒప్పుకుంటున్నాను. అయితే పూర్తిగా వదులుకోలేక పటం ముందు పెట్టుకుని మరోసారి చూశాను. అమలాపురం నుంచి ఈశాన్యానికి పోతే ముక్తేశ్వరం రేవు, తూర్పుకు పోతే యానానికి దాటించే ఎదుర్లంక రేవు, పడమరకు బోడసకుర్రు రేవు, దక్షిణానికి ఓడలరేవు. నాలుగు దిక్కులా నాలుగు రేవులు, ఆ నాలుగింటి దారులూ కలిసే చోట అమలాపురం. అంటే పట్టణం రేవులో పుట్టలేదు, రేవుల మధ్యన పుట్టింది. ఏ రేవు నుంచి వచ్చినవాడైనా మరో రేవుకు పోవాలంటే అక్కడ మజిలీ చేయక తప్పదు.

రావులపాలెం దీనికి తిరగేసిన ఉదాహరణ. జాతీయ రహదారి మీద గౌతమికి జొన్నాడ దగ్గర, వసిష్ఠకు సిద్ధాంతం దగ్గర వంతెనలు పడ్డాక, రెండు వంతెనల నడుమ ఉన్న ఊరు కోనసీమకు వీధిగుమ్మం అయిపోయింది. ఇప్పుడు అక్కడి అరటి మార్కెట్టులో గెలలు లారీలకెక్కి ఒడిశా, తమిళనాడు దాకా పోతున్నాయి. ఆ ఊరిని పెంచింది నీటి దగ్గర ఆగడం కాదు, ఆగనక్కరలేకపోవడం.

అటక మీది కాయ

ఇంతసేపు నీళ్ల గురించే మాట్లాడారు, చెట్టు గురించి ఒక్కరూ ఎత్తలేదు. అంబాజీపేటకు ఏరూ లేదు, చెప్పుకోదగ్గ పురాతన క్షేత్రమూ లేదు. ఉన్నది కొబ్బరి బజారు. చుట్టుపక్కల తోటలన్నిటికీ ధర అక్కడే తెగుతుంది.

పట్నం పాఠకులకు కొబ్బరికాయ అంటే ఒకటే కాయ. మాకు దానికి వయసు, హోదా ఉన్నాయి. దింపు కార్మికుడు దించిన కాయలో పచ్చిది నీటికాయ, నిలవది ముక్కుడుకాయ. కురిడీ చేయదలచినవారు కాయలను అటక మీద నెలల తరబడి పెడతారు. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి, ఊపితే లోపల గుండులా కొట్టుకుంటుంది. ధరల పట్టీలో కురిడీకి గండేరా, గటగట అని రెండు తరగతులుంటాయి. గటగట అనే పేరు ఆ చప్పుడు నుంచే వచ్చిందని మా తాతగారు చెవి దగ్గర కాయ ఊపి వినిపించేవారు. ఆ కాయలు ఇక్కడ ఎవరూ పెద్దగా తినరు, పండుగలకు ఉత్తరాదికి పోతాయి. ఎక్కడో రాజస్థాన్‌లో పండుగ వాయిదా పడితే ఇక్కడ అటక ఖాళీ కాదు. 1996 నవంబరు 6 తుపానుకు తోటలు నేలమట్టమైన తరువాత, ఆపైన నల్లి తెగులు వచ్చిన తరువాత కూడా ఆ బజారు నిలబడింది. కాబట్టి నా దృష్టిలో ఊరిని పెంచేది కేవలం దారి కాదు, ఆ దారిన పోయే సరుకు.

తిప్ప మనిషి

సరుకు మాట వచ్చింది గనుక సముద్రం వైపు కూడా చూడండి. అల్లవరం దగ్గరి బెండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. గౌతమి పక్క ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం కూడా అటువంటివే. వాళ్లు వచ్చింది కొబ్బరికి కాదు, బట్టకు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టుకున్నాడు. ఇప్పుడు బెండమూర్లంక పోయి ఆనాటి వైభవం కోసం వెతికితే ఏమీ కనబడదు. మగ్గాలు మాత్రం బండారులంక, పుల్లేటికుర్రు వైపు మిగిలాయి.

మా వైపు ఊళ్ల పేర్లే చరిత్ర. ఓడలరేవు అంటే ఓడలు ఆగిన రేవు. బలుసుతిప్ప, మసానితిప్ప అంటే ఇసుక తిప్పలు. తిప్ప అనేది స్థిరాస్తి కాదండీ, సముద్రం ఇచ్చిన అప్పు. ఓడలు కట్టిన కోరంగి 1839 నవంబరు తుపానుకు దెబ్బతిని మళ్లీ తేరుకోలేదు, కాకినాడ దాని స్థానం తీసుకుంది. 1996లో బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకు పోయిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. ఏటిగట్టు గారు పెరిగిన ఊళ్ల జాబితా రాశారు, చెరిగిపోయిన ఊళ్ల జాబితా కూడా రాయాలి.

అయినా మా వాళ్ల చేయి చిన్నది కాదు. వసిష్ఠ సాగరంలో కలిసే అంతర్వేదిలో నరసింహస్వామి గుడిని కట్టించిన కొపనాతి కృష్ణమ్మ గారు మత్స్యకార వర్గం నుంచి వచ్చినవారే. రాజులు కట్టించని గుడి కూడా ఊరిని నిలబెట్టిందని శాసనప్రియ గారు గమనించగలరు.

యానాం అల్లుడు

రెండు మాటలే. చుట్టూ ఆంధ్ర జిల్లాలున్నా మా అత్తవారి ఊరు పుదుచ్చేరి కిందకు వస్తుంది. ఫ్రెంచివారు 1720ల్లో అడుగుపెట్టారు, 1954లో పాలన చేతులు మారింది, 1962లో చట్టబద్ధంగా విలీనమైంది. సరిహద్దు కూడా ఊరిని పెంచుతుందనడానికి ఇదే సాక్ష్యం. బాల్య వివాహాలను నిషేధించే శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో 1930 నుంచి అమలైంది, ఫ్రెంచి యానాంలో దానికి చెల్లుబాటు లేదు. ఏరు దాటి వచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసుకుపోయేవారు, యానానికి కల్యాణపురమనే పేరు అలా వచ్చింది. గర్వించదగిన సంగతి కాదు గాని, చరిత్ర చరిత్రే. ఇప్పుడు ఎదుర్లంక వైపు లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరిట వంతెన ఉంది గనుక పడవతో పని లేదు.

రాజోలు దీవి

అందరూ పట్టణాల గురించి రాశారు, నేను ఊరి లోపలి పటం గురించి రాస్తాను. మా దీవిలో ఏ ఊరు తీసుకున్నా నడుమ గుడి, దాని చుట్టూ అగ్రహారమో పెద్దరైతుల వీధులో, కాలువకు అవతల, చాలాచోట్ల పల్లంలో, దళితుల పేట. వరద వచ్చినప్పుడు ముందు మునిగేది ఏదో, నీరు ఆఖరున తీసేది ఎక్కడో చెప్పనవసరం లేదు. మెరక ఎవరిది, పల్లం ఎవరిది అన్న ప్రశ్న లేకుండా ఊరి చరిత్ర రాస్తే అది సగం చరిత్రే. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు కవిగా ఎదిగింది ఆ పేటల జీవితం నుంచే. 2022 మే 24న జిల్లా పేరులో అంబేద్కరును చేర్చడంపై అమలాపురంలో ఇళ్లు తగులబడిన రోజును మనం మరచిపోయినట్టు నటిస్తూ కొబ్బరి తోటల అందం గురించి రాసుకోవడం నాకు ఇబ్బందిగా ఉంటుంది.

మరొకటి. పడవలు, లాకులు, వంతెనల తరువాత మా ఊళ్లను మార్చింది విమానం. మలికిపురం, మామిడికుదురు, రాజోలు వైపు నుంచి మగవారే కాదు, ఆడవారు కూడా ఇంటిపనులకు కువైట్, దుబాయి పోయారు. పేటల్లో మొదటి డాబాలు లేచింది ఆ డబ్బుతోనే. మా వీధిలో రెండంతస్తుల ఇల్లు ఒకటుంది. కట్టించినామె అందులో వరుసగా రెండు నెలలు కాపురం ఉండడం నేను చూడలేదు. నానమ్మ దగ్గర పెరిగిన ఆమె పిల్లలు ఇప్పుడు బీటెక్ చదువుతున్నారు. ఏటిగట్టు గారి నాలుగు పేజీల్లో ఆ ఇంటికి ఒక పేరా దొరుకుతుందా?

ఏటిగట్టు

దొరుకుతుందమ్మా. నిజానికి మా ఊరి పటం గీసినప్పుడు పేటను ఒక చుక్కతో గుర్తుపెట్టి వదిలేశాను. మీ మాట చదివాక ఆ కాగితం చించి మళ్లీ గీస్తున్నాను, ఈసారి 1986 వరద నీరు ఏ గడప దాకా వచ్చిందో ఇంటింటికీ అడిగి.

శాసనప్రియ

పట్టణం లేకుండానే ఊళ్లు ఒక చోట కూడే పద్ధతి కోనసీమలో ఒకటుంది, దాన్ని వదిలేస్తే ఈ చర్చ పూర్తి కాదు. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం. అక్కడ గుడి లేదు, బజారు లేదు, రేవు లేదు, ఉన్నది కొబ్బరితోట. వ్యాఘ్రేశ్వరం, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, కె. పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం. ఈ పదకొండు ఊళ్ల రుద్రులు వెదురు చట్రాలకు రంగు వస్త్రాలు చుట్టిన ప్రభల మీద భుజాలెక్కి వస్తారు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకి లేపి మర్యాద చేస్తారు. ఏడాదిలో ఆ ఒక్క పూట అదే వారి రాజధాని, సాయంత్రానికి మళ్లీ తోటే. 2023 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధుల్లో తిప్పారు గాని, చేల మధ్య నుంచి వచ్చే ప్రభకు, లారీ మీద నిలబెట్టిన ప్రభకు పోలిక లేదు. నాటిన చేను తొక్కించుకున్న రైతు ఆ రోజు నష్టం లెక్క అడగడు.

లస్కరు గారి అబ్బాయి

ఆయ్, నేను చెప్పబోయేది మీరే చెప్పేశారండీ. ఒక్కటి మాత్రం కలుపుతాను. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక ఏరు దాటే ఘట్టం చూడాలి. వంతెన ఉన్నా వంతెన ఎక్కరు. నిండుగా పారుతున్న నీటిలోకి మోతకాపులు భుజాల మీది ప్రభతోనే దిగుతారు. మెడల దాకా నీరు వస్తుంది, కాళ్ల కింద బురద జారుతుంది, ప్రభ ఒకవైపు ఒరిగితే ఒడ్డున ఉన్నవాళ్ల అరుపు ఆగిపోతుంది. ఏరు మనిషిని ఆపుతుందని కదా ఏటిగట్టు గారు మొదలుపెట్టారు!

ఏటిగట్టు

ఈ సంక్రాంతికి తప్పక వస్తున్నాను. కౌశిక దగ్గర ఏ ఒడ్డున నిలబడితే బాగా కనబడుతుందో చెప్పగలరా?

లస్కరు గారి అబ్బాయి

తోట వైపు ఒడ్డున నిలబడండి, ప్రభ మీకు ఎదురుగా వస్తుంది. మధ్యాహ్నం భోజనం పెందలాడే ముగించుకుని వచ్చేయండి, ఆలస్యమైతే గట్టు మీద కాలు పెట్టే చోటు కూడా ఉండదు. చెప్పులు మాత్రం చేతిలో పట్టుకోండి; ఒడ్డుకు చేరినవాళ్లు ఆగరు, ఆ తడి బట్టలతోనే మీ మీదుగా గట్టెక్కేస్తారు.